పది కిలోమీటర్ల ఈతలో కాలి వాటా ఎంత?

2008 ఆగస్టు 20న బీజింగ్ శివార్లలోని షున్‌యీ పడవపందేల సరస్సులో మహిళల పది కిలోమీటర్ల ఈత పోటీ జరిగింది. ఒలింపిక్స్‌లో ఈ పోటీ పెట్టడం అదే మొదలు. రష్యా స్విమ్మర్ లారిసా ఇల్చెంకో 1 గంట 59 నిమిషాల 27.7 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచింది. దక్షిణాఫ్రికాకు చెందిన నటాలీ డు టోయ్‌కి 2 గంటల 49.9 సెకన్లు పట్టింది. ఆమెది పదహారో స్థానం. ఇద్దరికీ తేడా 82 సెకన్లు, అంటే నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. నటాలీకి ఎడమ కాలు మోకాలి నుంచి కిందికి లేదు.

మరుసటి నెల అదే నగరంలో పారాలింపిక్స్ జరిగాయి. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో నటాలీ బంగారు పతకం గెలిచింది. పట్టిన సమయం 29 సెకన్ల పైమాటే. ఒలింపిక్స్‌లో అదే దూరాన్ని జర్మనీ స్విమ్మర్ బ్రిటా స్టెఫెన్ 24.06 సెకన్లలో ఈదింది. ఇక్కడ తేడా నూటికి ఇరవై దాటింది.

మనిషి ఒకరే, లేనిది ఆ ఒక్క కాలే. పతకం రాని చోట తేడా ఒక శాతం, బంగారు పతకం వచ్చిన చోట ఇరవై శాతం. నటాలీ పుట్టుకతోనే దూరాల స్విమ్మర్ కాబట్టి, రెండు కాళ్లూ ఉన్నా 50 మీటర్లు 24 సెకన్లలో ఈది ఉండేది కాదన్నది నిజమే. దాన్ని పక్కన పెట్టినా మిగిలిన తేడా చాలా పెద్దది. అది ఎక్కడి నుంచి వచ్చింది? దానికి జవాబు వెతకడం మొదలుపెడితే నీటి భౌతికశాస్త్రం అంతా ఎదురొస్తుంది.

నటాలీ 1984లో కేప్‌టౌన్‌లో పుట్టింది. పద్నాలుగేళ్లకే కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో దేశం తరఫున ఈదింది. సిడ్నీ ఒలింపిక్స్ అవకాశం కొద్దిలో తప్పిపోయింది. 2001 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ప్రాక్టీసు ముగించుకుని స్కూటర్ మీద బడికి వెళ్తుంటే కారు గుద్దింది. కాలిని నిలబెట్టడానికి డాక్టర్లు ప్రయత్నించారు, కుదరలేదు. అప్పటికామె వయసు పదిహేడు. కొన్ని నెలల్లోనే, సరిగా నడక రాకముందే, మళ్లీ పూల్‌లో దిగింది. మరుసటి ఏడాది మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో వికలాంగుల పోటీల్లో రెండు బంగారు పతకాలు గెలవడమే కాక, మామూలు స్విమ్మర్లతో పోటీపడి 800 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌కి చేరింది. ఆ క్రీడల్లో అత్యుత్తమ క్రీడాకారులకు ఇచ్చే డేవిడ్ డిక్సన్ అవార్డు మొట్టమొదటగా ఆమెకే వచ్చింది.

ఇలాంటి కథ దొరికితే మన పత్రికలు ‘విధిని ఎదిరించిన వీరవనిత’ అని శీర్షిక పెట్టి సరిపెట్టేస్తాయి. ఆ శీర్షిక చదివినవాళ్లకు కళ్లు చెమర్చవచ్చు గానీ, ఆమె ఏం చేసిందో మాత్రం తెలియదు. ఆమె చేసింది ఒక లెక్క. ఏ పోటీలో కాలికి తక్కువ పని ఉంటుందో ఆ పోటీకి మారింది.

అసలు ఈతలో కాళ్లు చేసే పనేమిటి? ఫ్రీస్టైల్‌లో మనిషిని ముందుకు లాగేది ప్రధానంగా చేతులు. మొత్తం తోపులో కాళ్ల వాటా పదో వంతుకు అటూఇటూ ఉంటుందని ఎక్కువమంది అంచనా. కానీ కాళ్లు ముందుకు నెట్టడం కన్నా పైకి ఎత్తడంలో ఎక్కువ ఉపయోగపడతాయి. ఊళ్లో దిగుడుబావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి అనుభవంలోదే. కొత్తగా దిగే పిల్లలకు నడుముకు బెండు కడతారు, మెడకు కట్టరు. గాలి నిండిన ఊపిరితిత్తులు ఛాతీలో ఉంటాయి కాబట్టి ఛాతీ తనంతట తానే తేలుతుంది. కండలు, ఎముకలతో బరువెక్కిన కాళ్లు కిందికి దిగుతాయి. నడుముకు కట్టిన బెండు ఆ కింది సగాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఈత వచ్చాక బెండు పని కాళ్లు చేస్తాయి: తన్నుతూ, తమను తామే తేల్చుకుంటాయి.

కాళ్లు దిగితే ఏమవుతుంది? శరీరం ఏటవాలుగా మారి, నీటికి అడ్డుగా నిలిచే వైశాల్యం పెరుగుతుంది. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం నాలుగు రెట్లవుతుంది, ఆ వేగాన్ని నిలుపుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు. అందుకే పోటీ ఈతలో కండబలం ఎంత ముఖ్యమో, నీటిలో బల్లపరుపుగా పడుకోగలగడం అంతకన్నా ముఖ్యం. మోకాలి కింది భాగం, పాదం కలిపి శరీర బరువులో దాదాపు ఆరు శాతం. ఒకవైపు ఆ బరువు లేకపోతే కింది సగం కొంచెం తేలికవుతుంది. కానీ ఆ తేలిక ఒకే పక్కన ఉంటుంది. అసలు చిక్కు అక్కడే.

ఫ్రీస్టైల్‌లో శరీరం కుడికీ ఎడమకూ దొర్లుతూ సాగుతుంది. సాధారణంగా కుడి చేయి నీటిలో దిగి పట్టు తీసుకునేటప్పుడు ఎడమ కాలు తన్నుతుంది, ఎడమ చేతికి కుడి కాలు. ఈ అడ్డ జంటల వల్లే నడుము అదుపులో ఉంటుంది. నటాలీ కుడి చేతికి ఆ జంట పోయింది. మిగిలిన కుడి కాలే రెండు చేతులకూ కాపు కాయాలి; ఒకసారి తన వైపున, ఇంకోసారి పక్కకు జరిగి, లేని కాలి చోటున తన్నాలి. అంతవరకూ ఒంటబట్టిన లయను మరిచి, కొత్త లయ పట్టుకోవాలన్నమాట. పుట్టుకతోనే కాలు లేని బిడ్డకు ఈ మరిచిపోవడం అనే పని ఉండదు. దానికి మొదటి నుంచీ ఒక్క కాలి ఈతే ఈత.

ఇక పొట్టి పందెం సంగతి చూద్దాం. 50 మీటర్లకు స్విమ్మర్లు చేతుల ఒక పూర్తి చక్రానికి ఆరుసార్లు తన్నుతారు. ప్రాణవాయువు ఖర్చు గురించి ఆలోచించే దూరం కాదది. పైగా మొదట్లో డైవ్ ఉంటుంది. దిమ్మె మీద నుంచి రెండు కాళ్లతో దూకే ఆ క్షణమే పందెం మొత్తంలో అత్యధిక వేగం. ఒంటికాలితో దూకితే ఆ వేగం అక్కడే పోతుంది. పూల్‌లో 800 మీటర్లంటే పదిహేను టర్నులు. ప్రతి టర్నులోనూ గోడను తన్ని బయల్దేరే వేగం ఈదే వేగం కన్నా ఎక్కువ. పదిహేనుసార్లు ఒంటికాలితో తన్నాలి. మాంచెస్టర్‌లో ఆ పదిహేను గోడలనూ దాటుకునే ఆమె ఫైనల్‌కి చేరింది.

సరస్సులో గోడల్లేవు. రెండు గంటల పోటీలో డైవ్ ఒక్కటే. దానివల్ల కలిగే నష్టం కొన్ని క్షణాలు. దూరాల స్విమ్మర్లు చేతుల చక్రానికి రెండేసి తన్నులతోనే సరిపెట్టుకుంటారు. తొడ కండరాలు శరీరంలోకెల్లా పెద్దవి, ప్రాణవాయువును విపరీతంగా తాగేస్తాయి, దానికి తగ్గ వేగం మాత్రం ఇవ్వవు. అంటే రెండు కాళ్లున్నవాళ్లు కూడా పది కిలోమీటర్లలో కావాలనే కాళ్లను తక్కువ వాడతారు. నటాలీ పోగొట్టుకున్నది వాళ్లు పొదుపు చేసుకుంటున్న వస్తువునే. ఒక శాతం తేడా వెనక రహస్యం ఇది. వంద మీటర్లకు లెక్కగడితే ఇల్చెంకోకీ ఆమెకీ తేడా సెకను కూడా లేదు.

అలాగని సరస్సు పోటీ ఆమెకు తేలికని కాదు. పాతికమంది గుంపుగా ఈదుతారు, మోచేతులు తగులుతాయి, మడమలు ముఖానికి కొట్టుకుంటాయి. దారి చూసుకోవడానికి తల పైకెత్తిన ప్రతిసారీ నడుము కుంగుతుంది, దాన్ని నిలబెట్టడానికి గట్టిగా తన్నాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు చివర్లో వస్తుంది. ముందు ఈదేవారి వెనక ఉంటే నీటి నిరోధం చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. ఇల్చెంకో ఆ రోజు బ్రిటన్ స్విమ్మర్లు కెరీ-ఆన్ పేన్, కసాండ్రా ప్యాటెన్‌ల వెనక పోటీ దాదాపు మొత్తం నడిపించి, ఆఖరి మీటర్లలో దాటేసింది. అంతసేపూ దాచుకున్న కాళ్లను అప్పుడు బయటకు తీస్తారు. నటాలీ దగ్గర ఆ నిల్వ సగమే ఉంది. అయినా ఆ ఏడాది మేలో సెవిల్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో నాలుగో స్థానంలో వచ్చి, మొదటి పదిమందికి దక్కే ఒలింపిక్ అర్హతను నేరుగా సంపాదించుకుంది. అవయవం కోల్పోయిన స్విమ్మర్ ఒలింపిక్స్‌కి అర్హత సాధించడం అదే మొదటిసారి. బీజింగ్‌లో ఒలింపిక్స్‌లోనూ పారాలింపిక్స్‌లోనూ దక్షిణాఫ్రికా జెండా మోసింది కూడా ఆమే.

అదే రోజుల్లో అదే దేశానికి చెందిన ఆస్కార్ పిస్టోరియస్ కార్బన్ బ్లేడ్లతో ఒలింపిక్స్‌లో పరుగెత్తవచ్చా, అవి కాళ్లకన్నా ఎక్కువ లాభం ఇస్తాయా అని పెద్ద రభస నడుస్తోంది. నటాలీ విషయంలో ఆ వాదనకే చోటు లేదు. పోటీ ఈతలో కృత్రిమ అవయవాలకు అనుమతి లేదు. ఒడ్డునే కాలు విప్పి పెట్టి దిగాల్సిందే.

మరి చేతులు లేనివాళ్ల సంగతేమిటి? తోపులో తొంభై పాళ్లు చేతులదైతే వాళ్లు కదలనే కూడదు కదా! చైనాకు చెందిన జెంగ్ తావోకి రెండు చేతులూ లేవు. చిన్నతనంలో కరెంటు షాక్ వల్ల పోయాయి. బ్యాక్‌స్ట్రోక్ మొదలుపెట్టేటప్పుడు అందరూ పట్టుకునే పిడిని అతను పట్టుకోలేడు కాబట్టి, ఒడ్డు మీద నుంచి పట్టిన తువ్వాలును పళ్లతో కరచి వేలాడతాడు. పందెం చివర గోడను తాకేది తలతో. టోక్యో పారాలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. కాళ్ల వాటా పదో వంతు అన్న లెక్క చేతులున్న శరీరానిది. అది శరీరాల స్థిరమైన నియమం కాదు. చేతులు లేనప్పుడు పని కాళ్లకూ నడుముకూ బదిలీ అవుతుంది, అలలా ఊగే మొండెం కూడా చోదకయంత్రమే అవుతుంది. 50 మీటర్లలో ప్రాణవాయువు పొదుపు అక్కర్లేదు కాబట్టి, ఈ పద్ధతి పొట్టి పందేల్లోనే ఎక్కువగా పండుతుంది. నటాలీకి దూరం పెరిగేకొద్దీ మేలైతే, తావోకి తగ్గేకొద్దీ మేలు.

ఇంత తేడా ఉన్న శరీరాలను ఒకే వరుసలో నిలబెట్టి పోటీ పెట్టడం ఎలా? పారా ఈతలో శారీరక లోపాలకు ఎస్1 నుంచి ఎస్10 దాకా తరగతులున్నాయి; అంకె పెరిగేకొద్దీ లోపం తక్కువ. స్విమ్మర్‌ని బల్ల మీద పడుకోబెట్టి కీళ్ల కదలిక, కండరాల బలం, ఉన్న అవయవాల పొడవు కొలుస్తారు, తర్వాత నీటిలో ఈదించి చూస్తారు, ఆపైన పోటీలోనూ గమనిస్తారు. ఏ లోపం లేని శరీరానికి 300 పాయింట్లు: చేతులకు 130, కాళ్లకు 100, మొండేనికి 50, డైవ్‌కి 10, టర్నుకి 10. కనీసం 15 పోతేనే ఎస్10లో చోటు. బ్రెస్ట్‌స్ట్రోక్‌కి లెక్క వేరు. అందులో కప్పలా కాళ్లు విదిలించడమే ప్రాణం కాబట్టి కాళ్లకు 120, చేతులకు 110. అందుకే దానికి ఎస్‌బీ పేరుతో విడి తరగతులున్నాయి, ఒకే మనిషికి రెండు అంకెలు రావచ్చు. నటాలీ ఫ్రీస్టైల్‌లో ఎస్9, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఎస్‌బీ8.

పక్కాగా కనిపించే ఈ లెక్క ఎంత ఒరిపిడి పెట్టగలదో బ్రెజిల్ స్విమ్మర్ డానియెల్ డియాస్‌ని అడగాలి. అతనికి పుట్టుకతోనే రెండు చేతులూ కుడి కాలూ పూర్తిగా ఏర్పడలేదు. పదహారేళ్ల వయసులో ఏథెన్స్ పారాలింపిక్స్‌ని టీవీలో చూసి ఈతకు వచ్చాడు. నాలుగేళ్లు తిరిగేసరికి బీజింగ్‌లో తొమ్మిది పతకాలు, లండన్‌లో దిగిన ఆరు వ్యక్తిగత పోటీల్లోనూ బంగారం, రియోలో మళ్లీ తొమ్మిది. 2018లో తరగతుల నిబంధనలు మారి, అంతకుముందు ఎస్6లో ఉన్న కొందరు అతని ఎస్5లోకి వచ్చారు. వాళ్లలో జెంగ్ తావో ఒకడు. టోక్యోలో డియాస్‌కి మూడు కాంస్యాలే మిగిలాయి. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పతకాలు మూడూ చైనాకే పోయాయి. 14 బంగారు పతకాలతో కలిపి మొత్తం 27 పతకాలతో అక్కడే ఆట ముగించాడు. నా దృష్టిలో ఇది ఎవరి కుట్రా కాదు. చేతుల్లేని శరీరాన్నీ, మూడు అవయవాలూ కురచైన శరీరాన్నీ ఒకే కొలబద్దతో కొలవడంలోనే ఉన్న చిక్కు. ఎక్కడ గీత గీసినా గీతకు ఒక పక్కవాడు లాభపడతాడు, ఇంకో పక్కవాడు నష్టపోతాడు. కానీ మధ్యలో గీత జరిపినప్పుడు, పదేళ్ల సాధన ఒక్క కాగితంతో విలువ మారిపోయినవాడి బాధను తీసిపారేయలేం.

పుట్టుకతో అవయవం ఏర్పడకపోవడం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దీని నింద ఇంకా తల్లి మీదే పడుతోంది. గ్రహణం నాడు బయటికొచ్చిందనో, కత్తిపీట ముట్టుకుందనో అంటారు. పిండంలో చేతుల మొగ్గలు నాలుగో వారంలో పొడుస్తాయి, కాళ్లవి ఒకటి రెండు రోజుల వెనక. మొగ్గ కొసన ఉండే ఒక చిన్న కణాల అంచు ‘ఇంకా పెరుగు’ అని రసాయన సంకేతాలు పంపుతూ ఉంటుంది. చిటికెన వేలు వైపు ఉండే మరో కణాల గుంపు ఏ వేలు ఎక్కడో నిర్ణయిస్తుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లతో సహా ఆకారం సిద్ధం. కొందరు తల్లులకు నెల తప్పిన సంగతి రూఢి అయ్యేలోపే సగం పని అయిపోతుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం ఏ చేతినీ తీసుకుపోలేదు. ఆ తొలి వారాల్లో సంకేతాలు చెడితేనే నష్టం: ఒక్కోసారి జన్యువుల వల్ల, ఒక్కోసారి రక్త ప్రసరణ ఆగడం వల్ల, చాలాసార్లు కారణమే తెలియదు. మందు వల్ల జరిగిన ఘోరం కూడా ఒకటుంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ని వేవిళ్లకు వాడిన తల్లులకు పదివేల మందికి పైగా బిడ్డలు అవయవ లోపాలతో పుట్టారు; అక్కడ ఆ మందును 1961 చివర్లో వెనక్కి తీసుకున్నారు.

మళ్లీ నటాలీ దగ్గరికి వద్దాం. 2010లో ఆమె మన దేశానికి వచ్చింది. ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలుచుకుని వెళ్లింది. అదే పూల్‌లో పురుషుల ఎస్9 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో కోల్‌కతాకు చెందిన ప్రశాంత కర్మాకర్ కాంస్యం సాధించాడు. చిన్నప్పుడు ప్రమాదంలో చేయి కోల్పోయిన అతను తెచ్చిన ఆ పతకమే, కామన్వెల్త్ క్రీడల ఈతలో భారత్‌కు మొట్టమొదటి పతకం. రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్న మన స్విమ్మర్లెవరూ అప్పటిదాకా అక్కడ పతకం తేలేదు. ఈ సంగతి ఎంతమందికి గుర్తుంది? ఎడమ చేతి లోపంతో పుట్టిన బెంగళూరు స్విమ్మర్ శరత్ గాయక్వాడ్ 2014లో ఇంచియోన్ ఆసియా పారా క్రీడల్లో ఆరు పతకాలు తెచ్చాడు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో పి.టి.ఉష తెచ్చినవి ఐదు. ఉష పేరు తెలియని ఇల్లు లేదు. శరత్ పేరు చెబితే ‘ఎవరాయన?’ అనేవాళ్లే ఎక్కువ.

నటాలీ 2012 లండన్ తర్వాత ఆట చాలించింది. మూడు పారాలింపిక్స్‌లలో 13 బంగారు, 2 వెండి పతకాలు. లండన్‌లో ఆమెకు 100 మీటర్ల ఫ్రీస్టైల్ బంగారు పతకాన్ని దక్కనివ్వని ఆస్ట్రేలియా స్విమ్మర్ ఎలీ కోల్ కూడా పసితనంలోనే క్యాన్సర్ వల్ల ఒక కాలు కోల్పోయినదే.

నీటిలో కాలి వాటా ఎంతో పోటీని బట్టి మారుతుందని చూశాం. నేల మీద మాత్రం అది మారేది ఒడ్డు కట్టినవాళ్లను బట్టి. బట్టలు మార్చుకునే గది నుంచి పూల్ అంచు దాకా ఉన్న ఆ పాతిక అడుగుల తడి గచ్చు ఒంటికాలి మనిషికి పది కిలోమీటర్ల నీటి కన్నా ప్రమాదం. గోడ పొడవునా పట్టుకునే కమ్మీ, జారని నేల, అంచు దగ్గర ఒక కుర్చీ, విప్పిన కృత్రిమ కాలు తడవకుండా పెట్టుకునే అరుగు ఉంటే ఆ ప్రమాదం తీరిపోతుంది. వీటికి కోట్లు అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ క్రీడా వసతులను వికలాంగులకు అనువుగా మార్చే బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. మీ ఊళ్లో మున్సిపల్ ఈత కొలను ఉంటే ఈసారి వెళ్లినప్పుడు ఆ పాతిక అడుగులూ ఎలా ఉన్నాయో చూడండి. లేనివేమిటో ఒక కాగితం మీద రాసి, ఆ సెక్షన్ పేరు పెట్టి, కమిషనర్‌కి ఇవ్వండి.